చిప్ ఒకటే అయినా పరికరం ఒకటి కాదు

2015 డిసెంబర్‌లో గూగుల్ పిక్సెల్ సి అనే టాబ్లెట్‌ను అమ్మకానికి పెట్టింది. లోపల ఎన్‌విడియా తయారుచేసిన టెగ్రా ఎక్స్1 చిప్, 3 జీబీ ర్యామ్, ముందు 10.2 అంగుళాల స్క్రీన్. ఏడాదిన్నర తిరగకముందే, 2017 మార్చిలో, చేతిలో పట్టుకుని గానీ టీవీకి కలిపి గానీ ఆడుకునే గేమ్ పరికరం నింటెండో స్విచ్ వచ్చింది. దాన్ని విప్పి చూసినా కనబడేది టెగ్రా ఎక్స్1 చిప్పే. ర్యామ్ 4 జీబీ, స్క్రీన్ 6.2 అంగుళాలు. మొదటిది మంచి టాబ్లెట్ అనిపించుకుని, రెండేళ్లకే మార్కెట్ నుంచి తప్పుకుంది. రెండోది 15 కోట్లకు పైగా అమ్ముడైంది.

అంకెలు పక్కపక్కన పెడితే మాత్రం స్విచ్చే వెనకబడినట్టు కనబడుతుంది. టాబ్లెట్‌లో ఆ చిప్ సీపీయూ 1.9 గిగాహెర్ట్జ్ దాకా పరిగెత్తేది. స్విచ్‌లో దాన్ని 1.02 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేశారు. గ్రాఫిక్స్ పని చూసే జీపీయూను గరిష్ఠంగా 1,000 మెగాహెర్ట్జ్ కోసం తయారుచేశారు. స్విచ్‌ను చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు చాలా గేముల్లో అది 307, 384 మెగాహెర్ట్జ్ మధ్యే పనిచేస్తుంది. టీవీకి కలిపే డాక్‌లో పెట్టినప్పుడు 768కి పెరుగుతుంది. ఇలా సగానికి సగం కుదించిన చిప్ మీదే, గంటల తరబడి తిరిగినా తరగనంత పెద్ద ప్రపంచాలున్న గేములు నడిచాయి. అదే చిప్ పూర్తి వేగంతో నడిచిన టాబ్లెట్ మీద ఆ స్థాయి గేములు రాలేదు.

ఇందులో మొదటి కిటుకు స్క్రీన్‌లో ఉంది. పిక్సెల్ సి స్క్రీన్‌లో అడ్డంగా 2,560, నిలువుగా 1,800 పిక్సెళ్లు, మొత్తం 46,08,000. స్విచ్ స్క్రీన్‌లో 1,280 ఇంటూ 720, అంటే 9,21,600. సరిగ్గా ఐదో వంతు. స్క్రీన్ మీద ప్రతి చుక్కకూ రంగు లెక్కకట్టాల్సింది జీపీయూనే కాబట్టి, స్విచ్ జీపీయూ నెమ్మదిగా నడిచినా ఒక్కో చుక్క మీద ఎక్కువ శ్రద్ధ పెట్టగలుగుతుంది. అక్షరాలు చదవడానికి టాబ్లెట్ స్క్రీన్ హాయిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ హాయికి గేముల విషయంలో చెల్లించాల్సిన మూల్యం ఐదు రెట్ల పని.

ఇదేమీ కొత్త కాదు. 2011 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ వీటా అనే చేతి గేమ్ పరికరంలోనూ, 2012 మార్చిలో వచ్చిన మూడో తరం ఐప్యాడ్‌లోనూ ఒకే పవర్‌వీఆర్ కుటుంబానికి చెందిన నాలుగు కోర్ల జీపీయూ ఉండేది. వీటా స్క్రీన్‌లో పిక్సెళ్లు 5 లక్షల పైచిలుకు. ఐప్యాడ్‌లో 31 లక్షలు. 2022 ఫిబ్రవరిలో మరోసారి ఇలాగే జరిగింది. ఏఎండీ రూపొందించిన ఆర్‌డీఎన్ఏ 2 గ్రాఫిక్స్ నిర్మాణం ఒకవైపు స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్‌లో, అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరంలో, మరోవైపు శాంసంగ్ గెలాక్సీ ఎస్22 ఫోన్లలో కొన్నింటికి గుండెకాయ అయిన ఎక్సినోస్ 2200 చిప్‌లో, ఒకే నెలలో జనం చేతికొచ్చింది.

విడిభాగాలు ఇలా ఒకదానికొకటి దగ్గరవుతున్న కొద్దీ స్పెక్స్ పట్టికతో పోల్చి చూసే అలవాటు పనికిరాకుండా పోతోంది. హార్డ్‌వేర్ ఏం చేయగలదో ఆ పట్టిక చెబుతుంది. ఆ పని ఎంతసేపు చేయనిస్తారు, ఎంతవరకు చేయనిస్తారు అన్నది సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. ఫోన్, టాబ్లెట్, హ్యాండ్‌హెల్డ్ మధ్య అసలు తేడా అక్కడే మొదలవుతుంది.

గేమ్‌కు ఎంత మిగులుతుంది?

స్విచ్‌లో నడిచేది ఆండ్రాయిడ్ కాదు. నింటెండో సొంతంగా రాసుకున్న హొరైజన్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. నాలుగు సీపీయూ కోర్లలో ఒకటి సిస్టమ్ ఉంచుకుని, మూడు గేమ్‌కు ఇచ్చేస్తుంది. 4 జీబీ ర్యామ్‌లో 3 జీబీకి పైగా గేమ్‌దే. ఈ వాటాలు ముందే ఖరారైనవి. గేమ్ నడుస్తున్నప్పుడు మధ్యలో ఇంకెవరో వచ్చి ఆ ర్యామ్‌ను లాక్కునే భయం లేదు. జీపీయూతో మాట్లాడటానికి ఎన్‌విడియా ప్రత్యేకంగా ఎన్‌వీఎన్ అనే గ్రాఫిక్స్ ఏపీఐని, అంటే గేమ్ జీపీయూకు ఆదేశాలు పంపే మార్గాన్ని, ఈ ఒక్క పరికరం కోసమే తయారుచేసి ఇచ్చింది. గేమ్ రాసేవాళ్లకు ప్రతి స్విచ్‌లోనూ ఏముందో, ఎంతుందో కచ్చితంగా తెలుసు. కాబట్టి ఆఖరి మెగాబైట్ దాకా లెక్కేసి వాడుకోగలరు.

ఫోన్‌లో ఈ భరోసా ఉండదు, ఉండకూడదు కూడా. గేమ్ ఆడుతున్న నిమిషంలో ఫోన్ మోగాలి, మెసేజ్ రావాలి, మ్యాప్ దారి చెప్పాలి, ఫొటోలు బ్యాకప్ అవ్వాలి. అందుకే ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏ యాప్‌నూ పూర్తిగా నమ్మదు. ర్యామ్ తగ్గుతోందనిపిస్తే వెనక ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా మూసేస్తుంది. ఐఓఎస్‌లో ఈ పని చేసే భాగాన్ని జెట్‌సమ్ అంటారు, ఆండ్రాయిడ్‌లో లో మెమరీ కిల్లర్ అంటారు. బ్రౌజర్‌లో సగం నింపిన ఫారం వదిలేసి కెమెరా తెరిచి, ఫొటో తీసుకుని తిరిగి వచ్చేసరికి ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవడం చాలామందికి అనుభవమే. ఫోన్ పాడైపోయిందేమోనని టెన్షన్ పడనక్కర్లేదు. కెమెరాకు కావలసిన ర్యామ్ కోసం సిస్టమ్ బ్రౌజర్‌ను బలిచ్చింది, అంతే.

ర్యామ్ అంకెలను ఒక ఫోన్‌కూ ఇంకో ఫోన్‌కూ పోల్చడం ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రోలో ర్యామ్ 8 జీబీ. అదే కాలపు ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో 12 జీబీ మామూలు. ఆండ్రాయిడ్ యాప్‌లలో ఎక్కువ భాగం ఏఆర్‌టీ అనే రన్‌టైమ్, అంటే యాప్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్ పొర, మీద నడుస్తాయి. వాడేసిన మెమరీని అది ఎప్పటికప్పుడు ఊడ్చి శుభ్రం చేస్తూ ఉంటుంది. చెత్త కాస్త పోగయ్యాక ఒకేసారి ఊడిస్తేనే పని తేలిక కాబట్టి ఆ పద్ధతికి కొంత ఖాళీ జాగా ఎప్పుడూ కావాలి. ఐఓఎస్ యాప్‌లు ఒక వస్తువు అవసరం తీరిన వెంటనే దాని మెమరీని వదిలేసే పద్ధతిలో నడుస్తాయి. అందువల్ల 12 ఎక్కువ, 8 తక్కువ అని అంకెతోనే తేల్చేయడానికి వీల్లేదు.

జీపీయూల విషయంలో ఆండ్రాయిడ్ గేమ్ రాసేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. అడ్రీనో, మాలి, పవర్‌వీఆర్, ఎక్స్‌క్లిప్స్ అంటూ రకరకాల జీపీయూలు, ఒక్కోదాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అంటే డ్రైవర్‌కు, వేర్వేరు వెర్షన్లు. వల్కన్ లాంటి ఉమ్మడి ఏపీఐ 2016లోనే వచ్చినా, ఒక ఫోన్‌లో సాఫీగా నడిచిన గేమ్ ఇంకో ఫోన్‌లో నీడలు తప్పుగా గీయడం, కొన్నిచోట్ల క్రాష్ అవడం ఇప్పటికీ జరుగుతుంది. చివరికి వాళ్లు చేసేది అందరికీ తెలిసిందే. ఎక్కువమంది దగ్గరున్న మధ్యస్థాయి ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని గేమ్ తయారుచేస్తారు. ఖరీదైన ఫోన్‌లోని శక్తి చాలాసార్లు వాడకుండానే మిగిలిపోతుంది.

రెండు నిమిషాల వేగం, రెండు గంటల వేగం

ఐఫోన్ 15 ప్రోలోని ఏ17 ప్రో చిప్ 3 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. కాంతి కిరణాల దారిని లెక్కకట్టి నీడలూ ప్రతిబింబాలూ గీసే రే ట్రేసింగ్‌కు అందులో ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంది. గేమ్ కన్సోళ్ల కోసం చేసిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ 2023 అక్టోబర్‌లో ఆ ఫోన్ మీదికి వచ్చింది. జేబులో పట్టే పరికరం మీద అలాంటి గేమ్ కదలడం నిజంగా గొప్ప విషయం. అయితే అది మొదటి ఐదు నిమిషాల్లో ఎలా నడుస్తుంది, అరగంట తర్వాత ఎలా నడుస్తుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

ఫోన్ చిప్‌లను విసురుగా పరిగెత్తి వెంటనే ఆగిపోయేలా తయారుచేస్తారు. యాప్ తెరవాలి, ఫొటో ప్రాసెస్ చేయాలి, వెబ్ పేజీ గీయాలి. ఒకటి రెండు సెకన్ల పని. ఆ కాసేపు పూర్తి వేగంతో పరిగెత్తి మళ్లీ నిద్రలోకి జారుకుంటే బ్యాటరీ ఆదా అవుతుంది. వేడి పుట్టినా అంతలోనే చల్లారిపోతుంది. గేమ్ అలా కాదు. సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ గీయాలంటే, ఒక్కో బొమ్మకూ ఉన్న సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ పరుగు గంటసేపు ఆగదు. ఫ్యాన్ లేని ఫోన్‌కు వేడి బయటికి పంపే దారి దాని ఒళ్లే. ఆ ఒంటిని పట్టుకున్నది మనిషి చెయ్యి. కాబట్టి ఫోన్ ఎంత వేడెక్కవచ్చన్నది చిప్ ఓపికను బట్టి కాకుండా చర్మం ఓర్చుకోగల వేడిని బట్టి తేలుతుంది.

ఆ హద్దు దగ్గరపడగానే సాఫ్ట్‌వేర్ కళ్లెం బిగిస్తుంది. జీపీయూ వేగం తగ్గిస్తుంది, ఇంకా వేడెక్కితే స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, చార్జింగ్‌ను నెమ్మది చేస్తుంది. ఎండలో ఆడుతుంటే స్క్రీన్ దానంతటదే మసకబారడం వెనక కారణం ఇదే. ఈ లక్షణాన్ని కొలవడానికి, పరికరాల వేగాన్ని పరీక్షించే 3డీమార్క్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ ఉంది. నిమిషం నిడివి ఉన్న ఒకే దృశ్యాన్ని 20 సార్లు వరుసగా నడిపి, అన్నింటికన్నా తక్కువ స్కోరు అన్నింటికన్నా ఎక్కువ స్కోరులో ఎంత శాతమో చెబుతుంది. ఫోన్‌ను గేముల కోసం కొనేవాళ్లు చూడాల్సింది మొదటి స్కోరు కాదు, ఈ శాతం. తయారీదారులకూ ఈ సంగతి తెలుసు. అందుకే వేడిని ఒంటి నిండా పరిచే పల్చటి ఆవిరి గదులను, అంటే వేపర్ చాంబర్లను, ఫోన్లలో పెడుతున్నారు. 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రోలోనూ అది చేరింది. వేపర్ చాంబర్ వేడిని ఒకచోట కుప్ప పడకుండా పంచుతుంది. బయటికి పంపాల్సిన పని మాత్రం మళ్లీ ఫోన్ ఒంటిదే.

హ్యాండ్‌హెల్డ్ ఈ చిక్కును బరువుతో, మందంతో, ఫ్యాన్‌తో పరిష్కరించుకుంటుంది. తొలి స్టీమ్ డెక్ బరువు 669 గ్రాములు. ఐఫోన్ 15 ప్రో 187 గ్రాములు. అంటే మూడు ఫోన్ల బరువు కన్నా ఎక్కువ. ఆ బరువుకు ప్రతిఫలంగా దాని చిప్ 15 వాట్ల దాకా, ఎంతసేపు కావాలంటే అంతసేపు లాగగలదు.

బ్యాటరీ లెక్క చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో బ్యాటరీ 38.99 వాట్ అవర్‌లు. తొలి స్టీమ్ డెక్ బ్యాటరీ 40 వాట్ అవర్‌లు. దాదాపు సమానం. ఐప్యాడ్ మీద 10 గంటలు వెబ్ చూడవచ్చని ఆపిల్ చెబుతుంది. స్టీమ్ డెక్‌కు దాని తయారీ సంస్థ వాల్వ్ చెప్పే లెక్క 2 నుంచి 8 గంటలు. భారీ గేమ్‌లో చిప్ 15 వాట్లు తీసుకుంటుంటే స్క్రీన్, ర్యామ్, ఫ్యాన్, వైఫై కలిసి మొత్తం 20 వాట్లు దాటుతుంది. 40ని 20తో భాగిస్తే వచ్చేది 2 గంటలే. ఐప్యాడ్ 10 గంటలు నిలవాలంటే సగటున 4 వాట్ల లోపే ఖర్చుపెట్టాలి. ఐప్యాడ్ మీద కూడా ఆపకుండా భారీ గేమ్ ఆడితే ఆ 10 గంటల మాట చెల్లదు. బ్యాటరీ నిలవడాన్ని పరికరం గుణంగా చెప్పుకుంటాం గానీ, నిజానికి దాని మీద నడిచే పనే అందులో సగం తేల్చేస్తుంది.

చేతిలో ఇమిడే గేమింగ్ పరికరాల చరిత్రలో ఈ పొదుపు బుద్ధి మొదటి నుంచీ ఉంది. 1989 నాటి నింటెండో గేమ్ బాయ్ స్క్రీన్‌లో ఉన్నవి 160 ఇంటూ 144 పిక్సెళ్లు, నాలుగు ఛాయలు, వెనక వెలుగు కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన సెగా గేమ్ గేర్‌కు రంగుల స్క్రీన్, వెలుగు రెండూ ఉన్నాయి. కానీ అది 6 బ్యాటరీలను కొద్ది గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ 4 బ్యాటరీలతోనే దానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు నడిచేది. గెలిచింది గేమ్ బాయ్. దాని వెనకున్న గున్‌పేయ్ యొకోయి నమ్మిన సూత్రం ఒకటే. పాతబడి, చౌకబడి, గుణదోషాలన్నీ తెలిసిన సాంకేతికతను తీసుకుని కొత్త తోవలో వాడాలి. రెండేళ్ల నాటి చిప్‌ను సగం వేగానికి కుదించి స్విచ్‌లో పెట్టడం వెనక పనిచేసిందీ ఈ బుద్ధేనని అనిపిస్తుంది.

టాబ్లెట్‌కు జరిగిన అన్యాయం

మూడింటిలో హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య అగాధం ఎక్కువగా ఉన్నది టాబ్లెట్‌లోనే. 2020 నవంబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వచ్చిన ఎం1 చిప్‌నే ఆపిల్ 2021లో ఐప్యాడ్ ప్రోలో పెట్టింది. 16 జీబీ ర్యామ్ ఉన్న మోడల్ కూడా ఇచ్చింది. అయితే ఒక యాప్ తీసుకోగలిగిన ర్యామ్ మీద సిస్టమ్ హద్దు సుమారు 5 జీబీ దగ్గరే ఉండిపోయింది. బొమ్మలు గీసే యాప్‌లో ఎన్ని లేయర్లు పెట్టుకోవచ్చన్నది ఆ ర్యామ్‌ను బట్టే ఉంటుంది. చిత్రకారులు 16 జీబీకి డబ్బు కట్టి, లేయర్లు వేసుకుంటూ పోతే, మిగతా ర్యామ్ అందకుండానే యాప్ చేతులెత్తేసేది. ఆ ఏడాదే వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15లో, అడిగిన యాప్‌లకు ఎక్కువ ర్యామ్ ఇచ్చే ఏర్పాటు చేశారు. అదే హార్డ్‌వేర్. మారింది ఒక అనుమతి మాత్రమే.

వీడియో ఎడిటింగ్ కథ కూడా ఇంతే. ఫైనల్ కట్ ప్రో 2023 మేలో ఐప్యాడ్‌కు వచ్చింది. ఎడిటింగ్ పూర్తిచేసి ఎక్స్‌పోర్ట్ నొక్కాక, ఆ పని అయ్యేదాకా యాప్‌ను స్క్రీన్ మీదే ఉంచాల్సి వచ్చేది. మధ్యలో మెయిల్ చూద్దామని బయటికి వెళితే ఎక్స్‌పోర్ట్ ఆగిపోయేది. అదే చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ పనిని వెనక నడవనిచ్చి వేరే పని చూసుకోవడం ఎవరూ ఒక సౌకర్యంగా కూడా లెక్కపెట్టరు. ఇలాంటి పెద్ద పనులను వెనక కొనసాగనిచ్చే పద్ధతి, కిటికీలను ఇష్టమొచ్చినట్టు పరుచుకునే వీలు 2025లో ఐప్యాడ్ ఓఎస్ 26తో వచ్చాయి.

దీన్ని ఆపిల్ మొండితనంగా మాత్రమే చూడటం సరికాదు. ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ ఫోన్ సాఫ్ట్‌వేర్ కడుపునే పుట్టింది. 2019లో ఐప్యాడ్ ఓఎస్ అని వేరే పేరు పెట్టేదాకా రెండింటిదీ ఒకే పేరు. వెనకున్న యాప్‌ను నిద్రపుచ్చడం, ర్యామ్ చాలకపోతే మూసేయడం ఫోన్‌కు ప్రాణం నిలిపే నియమాలు. చిన్న బ్యాటరీ, ఫ్యాన్ లేని ఒళ్లు, ఎప్పుడైనా మోగే కాల్. పెద్ద బ్యాటరీ, ల్యాప్‌టాప్ చిప్ ఉన్న పరికరానికి అవే నియమాలు సంకెళ్లయ్యాయి. హార్డ్‌వేర్ ఎదిగిన వేగంతో నియమాలు ఎదగలేదు.

ఆండ్రాయిడ్ టాబ్లెట్ల ఇబ్బంది వేరు. 2011లో గూగుల్ ఆండ్రాయిడ్ 3.0ను కేవలం టాబ్లెట్ల కోసమే చేసింది. ఆ ఏడాది చివరికే ఆ దారి వదిలి ఫోన్, టాబ్లెట్‌లను ఒకే వెర్షన్‌లో కలిపేసింది. తర్వాత పెద్ద స్క్రీన్ల మీద గట్టిగా దృష్టి పెట్టింది 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 12ఎల్‌తోనే. మధ్యలో గడిచిన పదేళ్లలో యాప్‌లు తయారుచేసేవాళ్లకు టాబ్లెట్ అంటే సాగదీసిన ఫోన్ అనే అలవాటు పడిపోయింది. ఎడమ చివర చిన్న ఫొటో, కుడి చివర ఒక బటన్, మధ్యలో జానెడు ఖాళీ. అలాంటి యాప్‌ను 11 అంగుళాల స్క్రీన్ మీద చూసినవాళ్లకు హార్డ్‌వేర్‌లో లోపమేమీ లేదని వెంటనే తెలుస్తుంది. మడతపెట్టే ఫోన్లు వచ్చాక ఈ పరిస్థితి కాస్త మెరుగుపడుతోంది.

విండోస్ గేములు, విండోస్ లేని పరికరం

స్టీమ్ డెక్ హార్డ్‌వేర్‌లో అబ్బురపడాల్సింది పెద్దగా లేదు. నాలుగు ఏఎండీ జెన్ 2 సీపీయూ కోర్లు, 16 జీబీ ర్యామ్, 1,280 ఇంటూ 800 పిక్సెళ్ల స్క్రీన్. అబ్బురమంతా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాని స్టీమ్ ఓఎస్‌ను ఆర్చ్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టారు. నడవాల్సిన గేములేమో విండోస్ కోసం రాసినవి. ఈ రెండింటి మధ్య వారధి ప్రోటాన్. 2018లో వాల్వ్ దీన్ని బయటపెట్టింది. గేమ్ విండోస్‌ను ఏదైనా అడిగినప్పుడు, ఆ కోరికను అందుకుని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పే పని వైన్ అనే పాత ప్రాజెక్టుది. మైక్రోసాఫ్ట్ డైరెక్ట్3డీ గ్రాఫిక్స్ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే పని డీఎక్స్‌వీకే లాంటి భాగాలది. ఇదంతా జరిగినా గేమ్ పెద్దగా నెమ్మదించదు. ఎందుకంటే సీపీయూ భాష మారడం లేదు. విండోస్ పీసీలో ఉన్న ఎక్స్86 ఆదేశాలే ఇక్కడా నేరుగా నడుస్తాయి. మారేది సిస్టమ్‌తో మాట్లాడే తీరు మాత్రమే. అదే విండోస్ గేమ్‌ను ఫోన్ మీద నడపాలంటే ఒక్కో ఎక్స్86 ఆదేశాన్నీ ఫోన్ చిప్‌లకు తెలిసిన ఆర్మ్ భాషలోకి మార్చాలి. అలా చేసే ప్రాజెక్టులు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా, కానీ ఆ మార్పిడికే చాలా శక్తి ఖర్చవుతుంది.

ఒకే హార్డ్‌వేర్ లక్షలమంది దగ్గర ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. గేమ్‌లో కొత్త దృశ్యం రాగానే ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదలడం పీసీ మీద తరచూ చూస్తాం. షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ఆ జీపీయూ భాషలోకి అప్పటికప్పుడు కంపైల్ చేయడమే దానికి ముఖ్య కారణం. స్టీమ్ డెక్‌లన్నింటిలో జీపీయూ రకం ఒకటే కాబట్టి, కంపైల్ చేసి ఉంచిన షేడర్లను గేమ్‌తో పాటే డౌన్‌లోడ్ చేసిపెడతారు. ఆ కుదుపు చాలావరకు తగ్గిపోతుంది. కన్సోళ్లకు ఎప్పటినుంచో ఉన్న సుఖం ఇది.

40 హెర్ట్జ్ సంగతి కూడా చెప్పుకోదగ్గది. స్టీమ్ డెక్ స్క్రీన్‌ను 60 బదులు 40 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40 సార్లు మారేలా, నడిపే వీలును 2022లో అప్‌డేట్‌తో ఇచ్చారు. 30 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేమ్‌కు 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7. ఈ రెండింటికీ నడిమధ్య 25. సెకనుకు 40 ఫ్రేములంటే సరిగ్గా అదే. పేరుకు 30కి కొంచెం పైన ఉన్నట్టున్నా, చేతికి తగిలే చురుకుదనంలో 60కి వెళ్లే దారిలో సగం నడిచేసినట్టే. బ్యాటరీ మాత్రం 60కి అయ్యేంత ఖర్చు కాదు. కొత్త భాగం ఒక్కటీ బిగించకుండా, ఒక సెట్టింగ్‌తో పరికరాన్ని ఇంత మార్చగలగడం సాఫ్ట్‌వేర్ గొప్పతనం.

విండోస్‌తో వచ్చిన హ్యాండ్‌హెల్డ్‌లకు కాగితం మీద బలం ఎక్కువ. 2023లో వచ్చిన ఆసుస్ రాగ్ ఆలైలో 120 హెర్ట్జ్ 1080పి స్క్రీన్, స్టీమ్ డెక్ కన్నా వేగమైన చిప్ ఉన్నాయి. కానీ విండోస్ 11 మౌస్, కీబోర్డ్‌ల కోసం పుట్టింది. 7 అంగుళాల స్క్రీన్ మీద చిటికెన వేలంత డైలాగ్ బాక్స్‌లో దాన్ని మూసే గుర్తును బొటనవేలితో నొక్కాలి. ఆట మధ్యలో పవర్ బటన్ నొక్కి పక్కన పెట్టి, తెల్లారి అదే క్షణం నుంచి అందుకోవడం స్టీమ్ డెక్‌లో సహజంగా జరిగిపోతుంది. విండోస్‌లో నిద్రపుచ్చినది మధ్యలో దానంతటదే మేలుకుని బ్యాటరీ తినేయడం పాత ఫిర్యాదు. 2025లో లెనోవో లీజియన్ గో ఎస్‌ను విండోస్‌తోనూ, స్టీమ్ ఓఎస్‌తోనూ అమ్మింది. ఒకే పరికరం మీద రెండూ నడిపి చూసిన సమీక్షకులకు చాలా గేముల్లో స్టీమ్ ఓఎస్ మీదే ఎక్కువ ఫ్రేములు వచ్చాయి. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన రాగ్ ఎక్స్‌బాక్స్ ఆలైలో, మైక్రోసాఫ్ట్ డెస్క్‌టాప్‌ను లోడ్ చేయకుండానే నేరుగా గేముల స్క్రీన్‌కు వెళ్లే పద్ధతి పెట్టింది. విండోస్‌కు ఇంకా గట్టి పట్టున్న చోటు ఒకటుంది. మోసగాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్‌ను సిస్టమ్ లోతుల్లో నడిపే కొన్ని ఆన్‌లైన్ గేములు లినక్స్‌ను అసలు అనుమతించవు.

బటన్లు

బటన్లు చిన్న విషయంలా కనబడతాయి. నోకియా 2003లో ఎన్-గేజ్ తెచ్చి ఫోన్‌నూ గేమింగ్‌నూ కలపాలని చూసింది. గేమ్ మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, మాట్లాడాలంటే అంచును చెవికి ఆనించాలి. ఫోన్‌గానూ ఇబ్బందే, ఆటకూ ఇబ్బందే. తర్వాత ఫోన్లు బటన్లను పూర్తిగా వదిలేశాయి. గాజు మీద బొటనవేళ్లు పెట్టి ఆడితే స్క్రీన్‌లో కొంత భాగం వేళ్ల కిందే దాగిపోతుంది. ఏ బటన్ మీద వేలు ఉందో తడిమి తెలుసుకునే వీలుండదు.

ఫోన్‌కు కంట్రోలర్ తగిలించుకోవచ్చు కదా అంటే, ఐఓఎస్‌లో 2013 నుంచే ఆ ఏర్పాటు ఉంది. అయినా ఫోన్ గేములు దాన్ని నమ్ముకుని తయారుకావు, ఎందుకంటే కొన్నవాళ్లలో చాలామంది దగ్గర కంట్రోలర్ ఉండదు. హార్డ్‌వేర్‌లో ఒక భాగం అందరి దగ్గరా ఉందని ఖాయమైతేనే సాఫ్ట్‌వేర్ దాని చుట్టూ అల్లుకుంటుంది. స్విచ్‌లో ప్రతి గేమ్‌కూ బటన్లు ఉన్నాయని తెలుసు. ఫోన్‌లో ప్రతి యాప్‌కూ కెమెరా, జీపీఎస్ ఉన్నాయని తెలుసు. మ్యాప్‌లు, చెల్లింపులు, వీడియో కాల్స్ ఫోన్ మీద అంతగా విరబూయడానికీ, లోతైన గేములు హ్యాండ్‌హెల్డ్ మీద విరబూయడానికీ కారణం ఈ ఖాయమే.

ఎన్నేళ్లు నడుస్తుంది?

ఫోన్‌లో చిప్ చెడిపోకముందే సాఫ్ట్‌వేర్ మద్దతు ముగుస్తుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రావాలంటే చిప్ తయారుచేసిన సంస్థ డ్రైవర్లు ఇవ్వాలి, ఫోన్ సంస్థ దాన్ని తన మోడల్‌కు సరిపెట్టాలి. మధ్యలో ఏ ఒక్కరు ఆగినా ఫోన్ అక్కడే ఆగిపోతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబల్ ఈ ముడిని కొంత విప్పింది. 2023లో పిక్సెల్ 8కు, 2024లో గెలాక్సీ ఎస్24కు 7 ఏళ్ల అప్‌డేట్‌లు ఇస్తామని మాట ఇచ్చే స్థాయికి పరిస్థితి మారింది. పిక్సెల్ సికి ఆ అదృష్టం లేకపోయింది. అది ఆండ్రాయిడ్ 8 దగ్గరే నిలిచిపోయింది. అదే టెగ్రా ఎక్స్1 ఉన్న తొలి స్విచ్‌లకు 2025లో కూడా సిస్టమ్ అప్‌డేట్‌లు వచ్చాయి.

అయితే అప్‌డేట్ అన్నది ఎప్పుడూ మేలే చేస్తుందని కాదు. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ 32 బిట్ యాప్‌లకు, అంటే పాత తరహా చిప్‌ల కోసం రాసిన యాప్‌లకు, స్వస్తి చెప్పింది. సిస్టమ్ తేలికైంది, చిప్‌ల రూపకల్పనకు దారి సుగమమైంది. కానీ తయారీదారులు తిరిగి రాయని వేలాది పాత గేములు, డబ్బిచ్చి కొనుక్కున్నవి కూడా, ఒక్క అప్‌డేట్‌తో తెరుచుకోవడం మానేశాయి.

నింటెండోకు ఇదే ప్రశ్న 2025 జూన్‌లో స్విచ్ 2తో ఎదురైంది. కొత్త దానిలో ఎన్‌విడియా కొత్త చిప్, 12 జీబీ ర్యామ్, 7.9 అంగుళాల 1080పి స్క్రీన్. పాత గేముల్లో సీపీయూ కోసం రాసిన భాగం కొత్త చిప్ మీద నడుస్తుంది, రెండూ ఆర్మ్ కుటుంబమే కదా. చిక్కంతా జీపీయూతో. ఒకే జీపీయూ అని నమ్మి, షేడర్లను ఆ జీపీయూ భాషలోకే ముందుగా కంపైల్ చేసి గేముల్లో పెట్టారు. ఎనిమిదేళ్ల పాటు గేములను సాఫీగా నడిపిన ఆ నమ్మకమే, జీపీయూ మారగానే అడ్డుగోడైంది. దాన్ని దాటడానికి నింటెండో గేమ్ నడుస్తుండగానే ఆ భాగాన్ని కొత్త జీపీయూకు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ పొరను రాయించింది. చాలా గేములు అందులోంచి సాఫీగా దాటాయి. కొన్ని మొదట్లో తడబడితే, వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి అప్‌డేట్‌లతో సరిచేసుకుంటూ వచ్చారు. 2017లో ఫోన్లలో మూగబోయిన 32 బిట్ గేముల కోసం అలాంటి పొరను ఆపిల్ ఇవ్వలేదు.